మూడో రంగు

పోయిన చలికాలంలో సూరత్ నుంచి కేతన్‌భాయ్ ఫోన్ చేశాడు. ఈసారి పోటీలో రంగుల మార్కులు నువ్వే వేయాలి, ఇంకెవరూ దొరకలేదు అన్నాడు. ఎవరూ దొరకలేదనడం ఆయన గౌరవం చూపించే పద్ధతి. ఇరవై ఏళ్లకు పైగా ఆ మనిషిని ఎరుగుదును కాబట్టి నొచ్చుకోకుండా సరేనన్నాను. బల్ల మీద బొటనవేలంత సైనికులను బారులు తీర్చి, టేపుతో దూరాలు కొలిచి, పాచికలు వేసి యుద్ధాలు ఆడే ఆట ఒకటుందని, దానికి పోటీలు కూడా జరుగుతాయని మా చుట్టాల్లో సగం మందికి ఇప్పటికీ నమ్మకం లేదు. బొమ్మలాట కోసం హైదరాబాద్ నుంచి అంత దూరం రైల్లో పోతావా అని మా అత్తగారు అడిగారు. పోతానన్నాను. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసి, మధ్యమధ్య నాలుగు మాటలు రాసి బతికేదాన్ని. బొమ్మలాట కన్నా ముఖ్యమైన పని నాకేముంటుంది?

సూరత్‌లోని అడాజన్‌లో ఇప్పుడు పోటీ జరిగే చోటు చల్లగా, అద్దాల తలుపులతో ఉంది. మార్కుల కాగితం పట్టుకుని బల్లల మధ్య తిరుగుతుంటే, అహ్మదాబాద్ నుంచి వచ్చిన ఒకమ్మాయి సైన్యం దగ్గర ఆగిపోయాను. సైనికుల అంగీ మడతల్లో ముదురు నీలం, మడత గట్టు మీద లేత నీలం, ఆ రెంటినీ కలిపే నీలం ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో కంటికి దొరకదు. పదికి తొమ్మిది వేశాను. వేసి, పక్కనున్న కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ అమ్మాయి కంగారుపడి, "మేడమ్, కుఛ్ గల్తీ హై క్యా?" అని అడిగింది. తప్పేమీ లేదని చెప్పి పంపించాను. నీ సైన్యాన్ని చూస్తే మా బాపు గుర్తొచ్చాడని చెబితే ఆమెకేం అర్థమవుతుంది? ఆ నీలం వెనక మా ఇంటి కథ ఒకటుంది. దాన్ని ఇన్నాళ్లూ ఎక్కడా రాయలేదు. ఎందుకు రాయలేదో రాస్తుంటే తెలుస్తుంది.

మా బాపుది సిరిసిల్ల పక్క ఊరు. తాత చేతిమగ్గం నేసేవాడు. బాపు పెళ్లికి ముందే సూరత్ వచ్చి, కొన్నాళ్లు మరమగ్గాల మీద నిలబడి, ఆ తర్వాత ఒక డైయింగ్ మిల్లులో రంగులు కలిపే గదిలో చేరాడు. నాకు ఊహ తెలిసేసరికే మిల్లులో ఆయన్ని చిన్నా పెద్దా అందరూ మాస్టర్ అనేవారు. సూరత్‌లోనే అమ్రోలి అనే పేటలో మాది మేడ మీద రెండు గదుల ఇల్లు. కింద మరమగ్గాల షెడ్డు ఉండడం వల్ల మా స్టీలు గిన్నెలు పొద్దస్తమానం సన్నగా వణుకుతుండేవి. కరెంటు పోయి మగ్గాలు ఆగితే, ఏదో అయినట్టు అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం. అమ్మ చీరలకు మెరిసే టిక్కీలు అంటించేది. మార్కెట్ నుంచి టెంపోలో మూటలు వచ్చేవి, గోడ పొడుగునా చీరలు పేరుకునేవి, నేనూ తమ్ముడూ వాటికి ఆనుకుని చదువుకునేవాళ్లం. నేనూ బడి నుంచి రాగానే సూది మొనతో టిక్కీ ఎత్తి బంక చుక్క మీద దించేదాన్ని. ఇల్లంతా ఆ బంక వాసన, దాని మీద జొన్నరొట్టె కాలిన వాసన. సాయంత్రం బాపు గడప దాటగానే ఆవిరికి మగ్గిన బట్ట వాసన, ముక్కుకు పుల్లగా తగిలే యాసిడ్ వాసన. ఆ వారం మిల్లులో ఏ రంగు నడుస్తోందో ఆయన గోళ్లు చూసి చెప్పేదాన్ని. ఎంత తోమినా గోటి మొదట్లో గీత పోయేది కాదు. మెరూన్ నడిచే వారాల్లో అమ్మ ఆయన్ని పచ్చిపులుసు గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు.

రంగు విషయంలో బాపుకు కొన్ని పట్టింపులుండేవి. ట్యూబ్‌లైట్ కింద ఏ రంగునూ చూసేవాడు కాదు. "ట్యూబ్‌లైట్ అబద్ధం చెప్తది బిడ్డా" అనేవాడు. మా ఇంట్లో ఉత్తరం వైపు ఒక కిటికీ ఉంది, దాని దగ్గర ఎవరూ ఏమీ పెట్టకూడదు. చుట్టుపక్కల ఆడవాళ్లు చీరా, దానికి కుట్టబోయే ఫాల్ గుడ్డా తెచ్చి ఆయన చేతిలో పెట్టేవారు. ఒరిస్సా వాళ్లు, యూపీ వాళ్లు, మనవాళ్లు, గుజరాతీ వాళ్లు, అందరూ వచ్చేవారు. బాపు రెంటినీ కిటికీ దగ్గరకు తీసుకుపోయి, ఒకసారి ఎదురుగా, ఒకసారి పక్కనుంచి, ఒకసారి కళ్లు సగం మూసి చూసేవాడు. "జర పసుపు ఎక్కువున్నది, ఇంకోటి తెచ్చుకోండ్రి" అనేవాడు. అంత పసుపు ఎక్కడుందో వాళ్లకూ కనబడేది కాదు, మాకూ కనబడేది కాదు. ఇంకోటి తెచ్చాక మాత్రం అందరికీ కనబడేది. మిల్లులో ఆయన రంగులకు నంబర్లుండేవి, ఇంట్లో పేర్లుండేవి. ఉల్లిపొట్టు, నెమలికంఠం, లేత వంకాయ, పండు మిరప. ఒకసారి నా కొత్త యూనిఫాం లంగా, ఓణీ ఒకే నీలం కావని, దుకాణం దాకా నడిచిపోయి మార్పించుకొచ్చాడు. దుకాణం ఆయన రెండు ముక్కలూ ఎండలో పట్టుకుని చూసి, వెంటనే మార్చి ఇచ్చాడు.

బాపు భయపడే మాట ఒక్కటే ఉండేది. షేడ్ మారింది అనే మాట. బట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క తీరుగా ఉండాలి, ఇవాళ వేసిన లాట్ పక్కన రేపటి లాట్ పెడితే గీత కనబడకూడదు. ఎక్కడైనా చార ముదురుగానో లేతగానో పడితే లాట్ మొత్తం వాపసు వచ్చేది. అలా వాపసు వచ్చిన రోజు ఆయన అన్నం తినేవాడు కాదు. అమ్మ కూడా బతిమాలేది కాదు, కంచం మీద మూత పెట్టి పక్కన ఉంచేది. ఆయన చేతిలో లాట్ వాపసు రావడం నాకు తెలిసి రెండుసార్లే జరిగింది. ఆ రెండూ ఆయనకు తారీఖులతో గుర్తుండేవి.

ఇక నా ఆట సంగతి. కాలేజీలో నా పక్కన కూర్చునే హిరల్ వాళ్ల అన్నయ్యే కేతన్‌భాయ్. అడాజన్‌లో వాళ్ల ఫ్లాట్‌లో ఒక గది నిండా ఈ బొమ్మ సైన్యాలే. ప్లాస్టిక్కువి, సీసంవి, బూడిద రంగులో వస్తాయి. ఆడేవాళ్లే రంగులు వేసుకోవాలి. నేను సూదితో టిక్కీలు పెట్టడం చూసిన హిరల్ నన్ను తీసుకుపోయి వాళ్లన్నయ్య ముందు నిలబెట్టింది. ఆయన సన్నటి కుంచె ఒకటి ఇచ్చి, ఒక బొమ్మను నా ముందు పెట్టాడు. అలా ఏడాది పాటు ఆయన సైన్యాలకు రంగులు వేశాను. గుర్రాలకు, రాజులకు, రాక్షసులకు వేశాను. వేశానే గానీ ఒక్కసారీ ఆడలేదు. ఎవరి సైన్యం వాళ్లు తెచ్చుకుని ఆడాలి, నాకు సైన్యం లేదు. వాళ్లు పాచికలు వేసి అరుస్తుంటే నేను పక్క బల్ల మీద గుర్రపు జూలు దిద్దుతుండేదాన్ని. నాకు ఎంత కడుపుమంటగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. కేతన్‌భాయ్ మంచివాడు, అయితే ఎదుటివాళ్ల ముఖం చదవడం ఆయనకు రాదు. హిరల్ కనిపెట్టి చెబితే తెలుసుకుని, ఒక రోజు ముప్పై మంది బూడిద సైనికులున్న సంచి నా చేతిలో పెట్టాడు. "ఇవి నీవి. వచ్చే నెల పోటీలో నువ్వూ ఆడు" అన్నాడు. ఆ రోజు బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకుని ఎలా కూర్చున్నానో నాకింకా గుర్తుంది.

పోటీకి ఒక నియమం ఉంది. ప్రతి బొమ్మ మీదా కనీసం మూడు రంగులు కనబడాలి. లేకపోతే ఆ సైన్యాన్ని బల్ల ఎక్కనివ్వరు. నా సైనికులు తల నుంచి పాదం దాకా ముసుగు అంగీలు వేసుకున్నవాళ్లు, ముఖాలు కూడా కనబడవు. చేతిలో ఈటె, కింద నిలబడే చక్రం రెండూ నలుపు. అంగీకి నీలం అనుకున్నాను. మడతల్లో ముదురు నీలం, పైన మామూలు నీలం, గట్ల మీద లేత నీలం. కేతన్‌భాయ్ నేర్పిన పద్ధతి అదే. బొమ్మ ఇంత చిన్నగా ఉంటే దాని మడతల్లో నీడ పడదు, ఆ నీడను మనమే రంగుతో వేయాలి. మూడు నీలాలూ నలుపూ కలిపి నాలుగు రంగులు, నియమానికి ఒకటి ఎక్కువే. నెల రోజులు పొద్దున్నే కాలేజీకి పోయే ముందు ఉత్తరం కిటికీ దగ్గర కూర్చుని వేశాను. బాపు ఆ కిటికీ నాకు వదిలేశాడు. ఆయన టీ గ్లాసు పట్టుకుని వెనక నిలబడి చూసి, ఏమీ అనకుండా పోయేవాడు. ఒకసారి మాత్రం, "ఇవన్నీ ఒక్క దండువాళ్లేనా బిడ్డా?" అని అడిగాడు. అవునన్నాను. "ఊఁ" అని పోయాడు. ఆ ఊఁ నేను పట్టించుకోలేదు.

పోటీ ఆదివారం. శనివారం బాపుకు సెలవు, నాకు కాలేజీ. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నా సైన్యం అట్టపెట్టెలో సర్ది ఉంది. చుట్టూ మిల్లు నుంచి తెచ్చిన దారం చెత్త దట్టంగా కూరి, పైన మిల్లు ముడి వేసి కట్టి ఉంది. బాపు గోడకు ఆనుకుని కూర్చుని, పైకి కనబడనీయకుండా సంతోషపడుతున్నాడు. నేను ముడి విప్పబోతే అమ్మ ఆపింది. "ఆయన పొద్దటి సంది కూసొని సదిరిండు. ఇప్పకు, ఈటెలు ఇరుగుతయ్" అంది. "రేపు చూస్తవ్ తియ్" అన్నాడు బాపు. ఎప్పుడూ నా ఆట ఊసెత్తని మనిషి నా పెట్టె కట్టాడని నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. విప్పలేదు.

ఆదివారం పొద్దున, మిల్లుకు సెలవు పెట్టానని, బాపు కూడా వస్తానన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. బస్సులో పెట్టె తన ఒళ్లోనే పెట్టుకున్నాడు, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పైకి ఎత్తాడు. అప్పట్లో పోటీ ఒక హౌసింగ్ సొసైటీ పెళ్లిళ్ల హాల్లో జరిగేది. బల్లల మీద ఆకుపచ్చ గుడ్డలు, వాటి మీద థర్మాకోల్ కొండలు, అట్ట ఇళ్లు, చిన్న వంతెనలు. వడోదరా, అహ్మదాబాద్, ముంబై నుంచి ఇరవై మంది దాకా వచ్చారు. అందరూ మగవాళ్లే. హిరల్‌కు ఆట మీద ఆసక్తి లేదు, అందరికీ శనగపిండితో చేసిన ఖమణ్ ప్లేట్లు పంచుతోంది. కేతన్‌భాయ్ ఒక్కొక్కరి సైన్యం చూసి కాగితం మీద టిక్కు పెడుతున్నాడు. నా వంతు వచ్చింది. ముడి విప్పాను, దారం తీశాను.

ముప్పై మంది సైనికులూ ఒక్కటే నీలంలో ఉన్నారు. మడతల్లో అదే నీలం, గట్ల మీద అదే నీలం, మొదటివాడికీ ముప్పయ్యోవాడికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఎక్కడా చార లేదు, చుక్క లేదు, కుంచె ఆనవాలు లేదు. నా జీవితంలో అంత సాపు పనితనం నేను మళ్లీ చూడలేదు, కానీ ఆ క్షణాన అది కనబడే స్థితిలో నేను లేను. "యే క్యా కర్ దియా లావణ్యా? షేడింగ్ కహాఁ గయీ?" అన్నాడు కేతన్‌భాయ్. నేను వేసిన నీడలు ఎక్కడికి పోయాయని అడుగుతున్నాడు. ఒక బొమ్మను తిప్పి చూసి, గొంతు తగ్గించి, ఇందులో నీలం, నలుపు రెండే రంగులున్నాయి అన్నాడు. వెనక వరసలో అందరూ చూస్తున్నారు. అంతకుముందే వడోదరా నుంచి వచ్చిన ఒకాయన్ని, అయిదు బొమ్మలకు రంగు పూర్తి కాలేదని, ఆ అయిదింటినీ తీసి పక్కన పెట్టించాడు. నాకొక్కదానికి నియమం సడలించలేడు. మొదటి ఆట మొదలయ్యేలోపు మూడో రంగు లేకపోతే బల్ల ఇవ్వలేనన్నాడు. ఇంకా ముప్పావు గంట ఉంది.

బాపు నా పక్కనే నిలబడి, నేను మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నాడు. నా ముఖం చూసి, "ఏంది బిడ్డా, ఏమైంది?" అన్నాడు. "నిన్న నేనే చేసిన. నువ్వేసినయి ఒక్కో కాడ ముదురు, ఒక్కో కాడ లేత పడ్డయ్. షేడ్ మారింది. నీకు కలుపుడు కుదర్లేదేమో అనుకున్న. గా మూడు సీసాలు ఒక్క గిన్నెల కలిపి మంచిగ ఒక్క తీరు చేసిన" అన్నాడు. ఏడాది పాటు పక్క బల్ల దగ్గర కూర్చుని దాచుకున్నదంతా పైకి వచ్చింది. "నీకేం తెల్సు బాపూ రంగుల గురించి?" అని అరిచాను. "నిన్నెవరు ముట్టమన్నరు? బట్టలకు ఏసుకో పో నీ రంగు!" హాల్లో తలలు ఇటు తిరిగాయి. నేను అరిచింది తెలుగులో. ఆ హాల్లో ఎవరికీ తెలుగు రాదు, అమ్మాయి ఏదో అంటోందని మాత్రం అందరికీ అర్థమై ఉంటుంది. ఎవరికీ అర్థం కాలేదులే అని ఆ తర్వాత చాలా ఏళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బాపు నేరుగా కేతన్‌భాయ్ దగ్గరికి పోయాడు. "గల్తీ మేరీ హై సాబ్, లడ్కీకీ నై. క్యా గల్తీ హై, జర దిఖావో" అన్నాడు. తప్పు తనది, ఏం తప్పో ఒకసారి చూపించమన్నాడు. మిల్లులో లాట్ వాపసు వస్తే ఇలాగే అడిగేవాడట, ఆ ముక్క నా చేతికి ఇవ్వండి, చూడాలి అని. కేతన్‌భాయ్ వడోదరా ఆయన్ని అడిగి ఒక సేనాపతి బొమ్మ తెచ్చిచ్చాడు, ఎర్ర అంగీ వేసుకున్నది. బాపు దాన్ని ట్యూబ్‌లైట్ల కింద చూడలేదు. హాలు చివర కిటికీ దాకా నడిచిపోయి, ఎదురుగా, పక్కనుంచి, కళ్లు సగం మూసి చూశాడు. అక్కడ చాలాసేపు ఉన్నాడు. తిరిగి వచ్చి నాతో, "గిది నీడ గదా?" అన్నాడు. "బొమ్మ శిన్నగున్నది, దానికి నీడ వడదు. రంగుతోని నీడ ఏసిన్రు. నువ్వేసింది గిదేనా?" తలూపాను. "మంచిగేసినవ్ బిడ్డా. నేనే ఖరాబ్ చేసిన."

మళ్లీ నీడలు వేయడానికి నా దగ్గర నీలాలు లేవు, మూడూ ఆ గిన్నెలోకే పోయాయి. ఉన్నా ముప్పావు గంటలో ముప్పైకి అయ్యే పని కాదు. "మూడో రంగు ఏదైనా పర్వాలేదా?" అని బాపు అడిగాడు. పర్వాలేదని ముక్తసరిగా అన్నాను. "అంచేస్తే?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "అంగీ కింద అంచు. అంచు లేకుంట మీ తాత ఎన్నడన్న బట్ట దించిండా?" అన్నాడు. వడోదరా ఆయన పసుపు సీసా ఇచ్చాడు. బాపు నా కుంచె తీసుకుని, జేబులోని దారం కత్తెరతో చుట్టూ కత్తిరించి, మూడే మూడు వెంట్రుకలు మిగిల్చాడు. పసుపులో చిటికెడు ఎరుపు అడిగి తీసుకుని కలిపాడు, ఉత్త పసుపు ఆ నీలం పక్కన కుదరదట. కిటికీ పక్కన నేల మీద బాసింపట్టు వేసి కూర్చున్నాడు. మొదటి బొమ్మకు వేసి, నచ్చక బొటనవేలితో తుడిచేశాడు. రెండోసారి వేసిన గీతను ఆయన ఇక చూసుకోలేదు. ఎడమ చేత్తో బొమ్మను తిప్పుతుంటే కుడి చేతిలో కుంచె కదలకుండా నిలబడి ఉంది, అంగీ అంచు వచ్చి దాని కింద నుంచి పోతోంది. నేను చేతులు కట్టుకుని దూరంగా నిలబడదామనుకున్నాను. కాసేపటికి చూసుకుంటే ఆయన పక్కనే కూర్చుని, ఆరిన బొమ్మలు అందుకుని వరసగా పెడుతున్నాను. ఎప్పుడు పోయి కూర్చున్నానో తెలియదు. మా చుట్టూ జనం చేరారు. ఒకాయన చేతిలో ఖమణ్ ప్లేటు అలాగే ఉండిపోయింది.

ముప్పయ్యో బొమ్మ ఆరకముందే గంట కొట్టారు. కేతన్‌భాయ్ వంగి, వేలు పెట్టి లెక్కపెట్టాడు. నీలం, నలుపు, పసుపు. ముప్పై మందికీ అంచు ఒకే మందాన, నేలకు ఒకే ఎత్తున ఉంది. టిక్కు పెట్టాడు. నేను బల్ల దగ్గరికి పోయాను.

ఆ రోజు మూడు ఆటలు ఆడాను. మొదటిది పసుపు సీసా ఇచ్చిన వడోదరా ఆయనతో. చిత్తుగా ఓడిపోయాను. ఏడాది పాటు చూసిన ఆట వేరు, పాచికలు మన చేతిలోకి వచ్చాక ఆట వేరు. రెండోదీ ఓడిపోయాను, కానీ ఈసారి ఎందుకు ఓడానో తెలిసి ఓడాను. మూడో ఆట ముంబై నుంచి వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగితో పడింది. నా ముప్పై మందినీ థర్మాకోల్ కొండ మీద రెండు బారులుగా నిలబెట్టాను. ఆయన గుర్రపు దండు కొండ కిందికి వచ్చి ఆగింది. ఆయన వంతు రెండుసార్లు వచ్చినా అలాగే ఆగింది. ఆ లోపు నా ఈటెలవాళ్లు దిగివచ్చారు, పాచికలు కూడా కనికరించాయి. గెలిచాను. ఎందుకు ఆగారని అడిగితే, ఆయన నవ్వి, మీవాళ్లంతా అచ్చు ఒక్కలాగే ఉండేసరికి ఎంతమందో లెక్క తెగలేదు, ముప్పై కన్నా చాలా ఎక్కువున్నట్టు కనబడ్డారు అన్నాడు. ఓడినవాడు చెప్పే సాకు అనుకున్నాను అప్పుడు. ఇన్ని సైన్యాలు చూశాక ఇప్పుడు, ఆయన నిజమే చెప్పాడని అనిపిస్తోంది. బాపు గోడ దగ్గర నిలబడి చూస్తున్నాడు, ఆట ముక్క తెలియదు. "మనోళ్లెవలో నాకు గీడికెళ్లే తెలుస్తుండ్రు" అన్నాడంతే. రంగుల మార్కుల్లో నాకు పదికి మూడు వచ్చాయి, కప్పు అహ్మదాబాద్‌కు పోయింది.

తిరుగు బస్సులో నేను ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. "మడత లోపల ఏసే ముదురుకు నలుపు కలుపుతరా, వేరే నీలమా?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. ఆ వారమంతా ఆయన దండెం మీద ఆరేసిన అమ్మ చీరల ముందు నిలబడేవాడు. "బట్టలు ఎన్నడు చూడనట్టు చూస్తున్నడు ఈ మనిషి" అని అమ్మ నవ్వేది. తర్వాత సెలవు రోజున నా పక్కన కూర్చుని, ఒక బొమ్మ ఇయ్యమన్నాడు. నేర్చుకోవడం ఆయనకు తేలిక కాలేదు. చేయి తనంతట తానే సాపు చేసుకుంటూ పోయేది. చార వేసిన వెంటనే తుడిచేసేవాడు. "తప్పు చేస్తున్నట్టే అనిపిస్తది" అనేవాడు. మిల్లులో పగలంతా షేడ్ మారకుండా చూసుకుని, ఇంటికొచ్చి కావాలని షేడ్ మార్చడానికి ఒక మనిషికి ఎంత పెద్ద మనసుండాలో నాకు ఆ వయసులో తెలియలేదు. తన పనిలో తిరుగులేనివాడు, పంతొమ్మిదేళ్ల కూతురి దగ్గర, అదీ నలుగురిలో తనను అంత మాట అన్న కూతురి దగ్గర, కుంచె ఎలా పట్టాలో అడిగాడు. నేను ఇప్పుడు ఎంతోమందికి బొమ్మలు నేర్పుతున్నాను. నా తప్పు ఎవరైనా ఎత్తిచూపితే ముందు నా ముఖం మాడుతుంది, ఆ తర్వాతే చెవులు పనిచేస్తాయి. బాపులా ఆ ముక్క నా చేతికివ్వండి, చూడాలి అనడం నాకింకా చేతకాలేదు.

ఇప్పుడు అన్నీ మారాయి. బాపు పనిచేసిన మిల్లులో రంగు కలిపేది కంప్యూటర్, గుడ్డ ముక్క పెడితే అదే లెక్క చెబుతుంది. పోటీకి వచ్చే పిల్లలు వీడియోలు చూసి నెలలో నేర్చుకుంటున్నారు, నేను ఏడాదిలో నేర్చుకున్నది. వాళ్ల పని మా పని కన్నా చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకు నామోషీ లేదు. కానీ మార్కులు వేస్తూ ఒక్కొక్క బొమ్మనూ నేను కిటికీ దగ్గరికి పట్టుకుపోతుంటే వాళ్లు వింతగా చూశారు. పైన అంత మంచి లైట్లుండగా ఎందుకని ఒకబ్బాయి అడిగాడు. మా ఇంటి పద్ధతి అన్నాను.

పోటీ అయ్యాక ఆ సాయంత్రమే అమ్రోలికి పోయాను. అక్కడ ఇప్పుడు మా తమ్ముడు కట్టుకున్న ఇల్లుంది, అమ్మా బాపూ అందులోనే ఉంటారు. బాపు ఇప్పుడు పొద్దున పూట ఒక చీరల దుకాణంలో కూర్చుని ఫాల్ గుడ్డలు జత చూస్తున్నాడు. దుకాణం వాళ్లు రమ్మని అడిగారో, ఈయనే పోయి కూర్చున్నాడో అమ్మ కూడా చెప్పలేకపోయింది. టీ తాగుతూ అహ్మదాబాద్ అమ్మాయి నీలాల గురించి చెప్పాను. ఫోన్‌లో ఫొటో చూపించాను. ఎండ తగిలే చోటికి జరిగి చూసి, "మంచి చెయ్యి" అన్నాడు. అమ్మ లోపలికి పోయింది. ఇరవై ఏళ్లుగా నాలుక చివర ఆగి ఉన్నది అప్పుడు అడిగాను. "బాపూ, గా దినం హాల్ల నేనొక మాటన్న. యాదున్నదా?"

"ఎందుకుండదు?" అన్నాడు, ఫొటో నుంచి తల ఎత్తకుండానే. "ఎవ్వలకు తెలుగు రాదని ధైర్నంగ అన్నవ్." ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు. "నాకొచ్చు గదా బిడ్డా."

కోపంగా అనలేదు, నవ్వుతూనూ అనలేదు. ఆ హాల్లో నా మాట అర్థమైన మనిషి ఒక్కరే ఉన్నారు, అది ఆయనే. ఎవరికీ అర్థం కాలేదని ఇన్నేళ్లు ఎలా అనుకోగలిగానో తెలియదు. ఏడుపొచ్చింది. "తప్పయింది బాపూ" అన్నాను.

ఆయన ఫోన్ నా చేతికిచ్చి, టీ గ్లాసు అందుకున్నాడు. "తప్పేంది? నువ్వన్నది నిజమే" అన్నాడు. "గా దినం దాక నాకు నీడ కనవడకపోతుండె. గప్పటి సంది ఏది చూసినా కనవడుతున్నది."